గుమ్మం దగ్గర ఆగిన కుక్క

జనమేజయుడు యాగం చేస్తుంటే ఒక కుక్కపిల్ల ఆడుకుంటూ అటు వస్తుంది. దేవశునకం సరమ కొడుకది. రాజుగారి తమ్ముళ్ళు దాన్ని చావగొట్టి తరుముతారు. ఏడుస్తూ తల్లి దగ్గరికి పోతుంది. హవిస్సు ముట్టలేదు, కనీసం అటువైపు చూడనైనా లేదు, మరి ఎందుకు కొట్టారని సరమ నేరుగా యాగశాలకే వచ్చి నిలదీస్తుంది. ఒక్కరూ నోరు విప్పరు. అనుకోని భయం వచ్చి మీద పడుతుందని శపించి ఆమె వెళ్ళిపోతుంది. మహాభారతం ఆదిపర్వంలో, అసలు కథ ఇంకా అందుకోకముందే జరిగే సంగతి ఇది. నన్నయ తెలుగు చేసినప్పుడు సరమ తన బిడ్డ ఒక్కడి కోసమే మాట్లాడదు, సాధువులకూ పేదలకూ కీడు చేసేవాళ్ళందరినీ కలిపి హెచ్చరిస్తుంది.

ఆ కుక్కపిల్ల వారసులు ఇప్పుడు పార్కుల్లో, షామియానాల కింద కనిపిస్తున్నారు. 2025 ఆగస్టులో హైదరాబాద్ నగరపాలక సంస్థ బంజారాహిల్స్ జలగం వెంగళరావు పార్కులో వీధికుక్కల పిల్లల్ని పెంపకానికిచ్చే మేళా పెట్టింది. జంతు సంరక్షణ సంస్థలూ అలాంటివి జరుపుతూనే ఉంటాయి. ఏ మేళాకి వెళ్ళినా వరస దాదాపు ఒకటే. బొద్దుగా ఉన్నవి, మగపిల్లలు ముందు వెళ్ళిపోతాయి. పొద్దెక్కేసరికి మిగిలేది బక్కచిక్కిన ఆడపిల్ల. ఏ కాలవ పక్కనో దొరికి ఉంటుంది. నులిపురుగుల మందు పట్టారు, మొదటి టీకా పడింది, గజ్జి మానిన చోట కొత్త వెంట్రుకలు లేతగా మొలుస్తున్నాయి. ఎత్తుకుంటే చొక్కా గుండీ నోట పెట్టుకుంటుంది. "ఆడదా? రేపు పిల్లల్ని పెడితే ఎవరు చూస్తారండీ?" అని దించేస్తారు. ఆరు నెలలు దాటాక ఆపరేషన్ చేయిస్తే ఆ బెంగ ఉండదని వలంటీర్లు చెబుతూనే ఉంటారు. వినేవాళ్ళు తక్కువ.

ఇంకో అభ్యంతరం ఇంటి నుంచి ఫోన్‌లో వస్తుంది. దేవుడి గది ఉంది, మడి తప్పుతుంది, వద్దు. నవ్వి కొట్టిపారేసే మాట కాదిది. సాక్షాత్తూ ఇంద్రుడు చేసిన వాదన. మహాప్రస్థానంలో భార్యా, తమ్ముళ్ళూ దారిలోనే రాలిపోయాక ధర్మరాజు వెంట ఒక కుక్క మాత్రమే మిగులుతుంది. రథం ఎక్కమని వచ్చిన ఇంద్రుడు దాన్ని వదిలేయమంటాడు. కుక్కలున్నవాళ్ళకు స్వర్గంలో చోటు లేదు, వాళ్ళ యాగఫలాన్ని క్రోధవశులనే వాళ్ళు ఎత్తుకుపోతారు అంటాడు. వంటింటి మడికీ స్వర్గం మడికీ పెద్ద తేడా కనబడదు.

తమాషా ఏమిటంటే, వద్దన్న ఆ ఇంట్లోనే దత్తాత్రేయుడి పటం ఉండొచ్చు. ఆయన పాదాల దగ్గర నాలుగు కుక్కలుంటాయి, అవి నాలుగు వేదాలని చెబుతారు. కాలభైరవుడి వాహనమూ కుక్కే. ఒక భక్తురాలు ఆకలిగొన్న కుక్కకు రొట్టె పెడితే, అది తిన్నది నేనేనని షిరిడీ సాయి చెప్పినట్టు సచ్చరిత్రలో ఉంది. ఏనుగు మీద కాసే ఎండే కుక్క మీదా కాస్తుందని అన్నమయ్య పాడితే తలలూపుతాం. పటంలో కుక్కకి పసుపు కుంకుమలు, గుమ్మంలో కుక్కకి కర్ర. ఈ రెంటి మధ్యా ఇబ్బంది పడేది మనం ఒక్కళ్ళమే కాదు. ఇస్లాంలో కుక్క మూతిపెట్టిన పాత్రని ఏడుసార్లు కడగమన్న హదీసు ఉంది. దాహంతో నాలుక వేలాడేసిన కుక్కకు బావిలోంచి మేజోడుతో నీళ్ళు తోడిపోసిన వాడికి పాపాలు మాఫీ అయ్యాయన్న హదీసూ ఉంది. శుభ్రం ఒక దారి, దయ ఒక దారి అని ఆ సంప్రదాయం రెంటినీ పక్కపక్కనే ఉంచింది.

ధర్మరాజు మడి గురించి వాదించడు. కుక్క పవిత్రమైనదేనని ఒక్క ముక్కా అనడు. అతని మాటంతా వదిలిపెట్టడం గురించి. శరణన్నవాణ్ణి భయపెట్టడం, స్త్రీని చంపడం, బ్రాహ్మణుడి సొత్తు కాజేయడం, మిత్రద్రోహం, ఈ నాలుగూ కలిపితే ఎంత పాపమో నమ్ముకున్నదాన్ని వదలడం ఒక్కటీ అంత పాపమంటాడు. ఇంద్రుడు గడుసువాడు. తమ్ముళ్ళనీ ద్రౌపదినీ వదిలి వచ్చావు కదా, ఈ కుక్క దగ్గర మోహమెందుకు అని గుచ్చుతాడు. దానికి ధర్మరాజు చెప్పిన జవాబు లాయరు జవాబులా ఉంటుంది: వాళ్ళు చనిపోయారు, బతికించడం నా చేతిలో లేదు, బతికుండగా వాళ్ళని నేను వదల్లేదు. కుక్క బతికే ఉంది, వెంటే ఉంది.

పెంపకం వ్యవహారమంతా ఈ జవాబు చుట్టూ తిరుగుతుంది. పార్కులో కుక్కపిల్లని చూసి ముద్దు చేసి వెళ్ళిపోయినవాడు దానికేమీ బాకీ లేడు. ఇంటికి తెచ్చి, ఓ పేరు పెట్టి, చెప్పులు కొరికిందనో రాత్రంతా ఏడ్చిందనో పదో రోజున వెనక్కి తెచ్చేవాడు బాకీ పడ్డాడు. ఫ్లైఓవర్ కింద దించి పోయేవాడి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆకలిదప్పులతో బాధపడేలా జంతువుని వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలో నేరమే. మొదటిసారి పట్టుబడితే జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ధర్మరాజు నాలుగు మహాపాపాలతో సరితూచినదానికి మన చట్టం కట్టిన ధర అది.

1926లో, కుక్కలకు మన బాకీ ఏమిటన్న ప్రశ్నే అహ్మదాబాద్‌ను కుదిపేసింది. మిల్లు యజమాని అంబాలాల్ సారాభాయ్ తన మిల్లు ఆవరణలో చేరిన అరవై కుక్కల్ని చంపించాడు. అహింసావాది కదా, గాంధీ ఖండిస్తాడనుకున్నారు. ఆయన సమర్థించి యంగ్ ఇండియాలో వరసగా రాశాడు. ఉత్తరాలు, తిట్లు కుప్పలుగా వచ్చాయి. యజమాని లేని కుక్క వీధిలో తిరగడం సమాజానికి సిగ్గుచేటని ఆయన వాదన. మిగిలిన మెతుకులు విసిరి పుణ్యం కట్టుకున్నామనుకోవడం దయ కాదన్నాడు. ప్రేముంటే తెచ్చి పెంచుకోవాలి, లేదా సమాజమే వాటికి చోటు చూపాలి. చంపడం దగ్గర ఆయనతో ఏకీభవించడం కష్టం. కానీ మెతుకుల గురించి అన్నది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఎందుకంటే మన దయకు ఖర్చు చాలాసార్లు వేరేవాళ్ళు భరిస్తున్నారు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ళ పిల్లవాణ్ణి వీధికుక్కలు చంపేశాయి. తండ్రి వాచ్‌మన్. కార్లలో తిరిగేవాళ్ళ పిల్లలకు ఈ భయం తక్కువ, గుడిసెల ముందు ఆడుకునే పిల్లలకు ఎక్కువ. సరమ మాటల్లోని పేదలు వీళ్ళూ అవుతారు. కుక్కల పక్షాన మాట్లాడేవాళ్ళు ఆ తండ్రికి ఎదురుపడి మాట్లాడగలగాలి. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. దేశమంతా గొడవయ్యాక 22న ఆ ఆదేశాన్ని సడలించి, ఆపరేషన్, టీకా అయినవాటిని ఎక్కడివక్కడ వదలమంది, రేబిస్ ఉన్నవీ మీదపడేవీ తప్ప. వీధికుక్కని పెంచుకోవాలనుకునేవారు నగరపాలక సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చని, తీసుకున్న కుక్క మళ్ళీ వీధిలోకి రాకుండా చూసుకోవాలని కూడా చెప్పింది. గాంధీ అడిగిందీ దాదాపు అదే.

2019 పశుగణన ప్రకారం దేశంలో వీధికుక్కలు సుమారు కోటీ యాభైమూడు లక్షలు. అందులో ఒక్కదాన్ని తెచ్చుకుంటే ఏమవుతుంది, మిగతావాటికి అన్యాయం కాదా అని అడిగే తార్కికులున్నారు. ధర్మరాజును ఆ ప్రశ్న వేధించలేదు. అతను కుక్కని ఎంచుకోలేదు. అందం, జాతి, రంగు చూడలేదు. అది వెంట వచ్చింది, అంతే. మేళాలో మనం చేసేది ఎంపిక, అందుకే ఆడపిల్ల మిగిలిపోతుంది. సందు మలుపు నుంచి రోజూ వెంటపడి వచ్చే కుక్కపిల్లని ఇంట్లోకి తెచ్చుకున్నవాళ్ళే ఆ కథకు ఎక్కువ దగ్గర.

కథ చివర్లో చిన్న మోసం ఉంది. కుక్క యమధర్మరాజై నిలబడి మెచ్చుకోవడంతో కుక్క మాయమైపోతుంది. ఇంతా చేసి స్వర్గంలోకి కుక్క ఏదీ వెళ్ళలేదు. ఇంద్రుడి నియమం నియమంగానే ఉండిపోయింది. తర్వాత ధర్మరాజు తమ్ముళ్ళేరీ అని వెతుకుతాడు గానీ కుక్కని వెతకడు, వెతకాల్సిన పనీ లేదు. పార్కులో మిగిలిన ఆడపిల్ల మాత్రం కుక్కగానే ఉంటుంది. పెరుగన్నం తిని చాప తడుపుతుంది. చీకట్లో తల్లి కోసం కూస్తుంది. బతికితే పన్నెండు, పదిహేనేళ్ళు. అందుకే మేళాలో బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు పుణ్యం ఊసెత్తరు. ఇల్లు సొంతమా అద్దెదా, ఓనరు ఒప్పుకున్నారా, ఇంట్లో పెద్దావిడకి చెప్పారా, వేరే ఊరికి బదిలీ అయితే దీన్ని ఎవరు చూస్తారు అని అడిగి, ఒక్కో జవాబూ రాసుకుంటారు.