విడిగా ఉన్న కుర్చీ

నలుగురం కలిసి వెళితే రామెన్ దుకాణంలో నాలుగు కుర్చీలు వరసగా దొరకడం గగనం. వంటవాళ్లకి ఎదురుగా పొడవాటి బల్ల, దాని ముందు పదో పన్నెండో కుర్చీలు, అంతే దుకాణం. ఆదివారం మధ్యాహ్నం టోక్యోలోని ఉయెనోలో అయితే బయట క్యూ కూడా. ముగ్గురికి ఒకచోట, ఒకరికి ఆ చివర్న ఖాళీ అయితే, "మీరు ముగ్గురూ కూర్చోండి, నేనక్కడ సర్దుకుంటా" అంటాను. మావారు ఈ సంగతి మా అత్తగారికి ఫోన్‌లో చెప్పారు. "పాపం, పిల్లల కోసం ఎక్కడో మూల కూర్చుని తింటుందమ్మా" అని. నేను పక్కనే ఉన్నాను. కాదనలేదు.

ఆ మూల కుర్చీ కోసమే వారమంతా ఎదురు చూస్తానని ఎలా చెప్పను?

ఇంట్లో నేను కంచం ముందు కూర్చోగానే ఒకరికి పెరుగు గుర్తొస్తుంది, ఇంకొకరికి మంచినీళ్లు. రామెన్ దగ్గర ఆ ఆటలు సాగవు. గుమ్మం దగ్గర యంత్రంలో డబ్బులు వేసి టికెట్లు తీసుకోవాలి, ఆ తర్వాత ఎవరి గిన్నె వాళ్లదే. మంచినీళ్ల జగ్గు బల్లమీదే ఉంటుంది. నూడుల్స్ పిండిలో కాన్సుయి అనే క్షారజలం కలుపుతారు, ఆ పసుపు రంగూ ఆ సాగే గుణమూ దానివల్లే. అయినా వేడి పులుసులో ఎక్కువసేపు ఉంచితే ఉబ్బి మెత్తబడతాయి. బయట జనం నిలబడి ఉంటారు. అందుకని కబుర్లు కట్టిపెట్టి, గబగబా జుర్రుకుని లేవడమే మర్యాద. తల వంచుకుని తినే ఆ పది నిమిషాలు నన్నెవరూ ఏమీ అడగరు. టోక్యో పద్ధతి రామెన్ అంటే సోయా సాస్ కలిపిన పులుసు, వెదురు మొలకలు, పైన పంది మాంసం ముక్క. ఆ ముక్క కూడా తింటాను. ఫోన్‌లో అత్తగారిదాకా ఈ భాగం వెళ్లలేదు.

ఓ ఆదివారం చిన్నోడు చాప్‌స్టిక్స్ కింద పడేసి అక్కణ్నుంచే "అమ్మా!" అన్నాడు. వినపడింది. గిన్నెలోంచి తలెత్తలేదు. వాళ్లక్క వేరేవి తీసిచ్చింది. తల్లిని కదా, కాస్తయినా గుండె చివుక్కుమనాలి. అనలేదు. పైగా పులుసు చివరి చుక్కదాకా తాగాను.

మా అమ్మ అందరూ తిన్నాకే, వంటింట్లో గోడకానుకుని తినేది. ఆ మాట పెళ్లయ్యాక చాలామందికి జాలిగా చెప్పాను. మావారి నోట "పాపం" విన్నాక మాత్రం అనుమానం వచ్చింది: ఆవిడకీ ఆ గోడ మూల సుఖంగా ఉండేదేమో, నాలాగే పైకి చెప్పలేదేమో. ఫోన్ చేసి అడిగాను. "సుఖమా, నా మొహమా! కూర మీరే ఊడ్చేసేవాళ్లు. పచ్చడి మెతుకులు తినేదాన్ని. ఆకలికి కళ్లు తిరిగేవి" అంది. నా సిద్ధాంతం అక్కడితో సరి. నాది టికెట్ కొనుక్కున్న ఏకాంతం. అమ్మ పేరు చెప్పి దానికి పెద్దరికం తెచ్చుకోబోయాను.

తిన్నాక పక్కనే అమెయోకో. ఉయెనో, ఒకాచిమాచి స్టేషన్ల మధ్య రైలు పట్టాలను ఆనుకుని ఉన్న బజారు, యుద్ధం తర్వాత నల్లబజారుగా మొదలైంది. ఇప్పుడు చేపలు, బూట్లు, చాక్లెట్లు అన్నీ ఒకే సందులో, అరిచి మరీ అమ్ముతారు. అమెయోకో సెంటర్ భవనం నేలమాళిగలో మసాలా దినుసులు దొరుకుతాయి. ధనియాలు, ఎండుమిరపకాయలు, పిల్లాడికి బూట్లు, ఆయనకి మేజోళ్లు. నాకంటూ ఏదైనా కొందామని నిలబడితే ఏం కావాలో తోచదు. అదీ త్యాగం కిందే లెక్కేస్తారు ఇంట్లో.

మేముండే నిషికసాయ్‌కి తిరిగొచ్చే రైల్లో మావారన్నారు: "వచ్చేవారం మాల్‌కి వెళ్దాం. ఫుడ్ కోర్ట్‌లో పెద్ద బల్లలుంటాయి. నువ్వూ మాతో కూర్చుని తినొచ్చు."

"అక్కడ రామెన్ ఏం బాగోదటండీ," అన్నాను.