మన తరఫున మాట్లాడేవాళ్ళు

ఒకరి కష్టం గురించి ఇంకొకరు ప్రభుత్వంతో మాట్లాడవచ్చా? మాట్లాడితే ఏ అర్హతతో? చదువుకున్న మన పిల్లలు ఈ ప్రశ్న తరచుగా వేస్తున్నారు. మన గురించి మనమే మాట్లాడాలి, బయటివాళ్ళ వకాల్తా మనకొద్దు అంటున్నారు. ఆ మాటలో రోషం ఉంది, న్యాయమూ ఉంది. అయితే కరోనా రెండేళ్ళలో మన నెల్లూరు తీరంలో జరిగింది గుర్తు చేసుకుంటే, ఇది అంత తేలిగ్గా తెగే సంగతి కాదనిపిస్తుంది మాకు.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. రొయ్యల గుంటల కాపలాకు పోయినవాళ్ళు గట్ల మీదే చిక్కుకుపోయారు. ఉప్పుటేట్లో పట్టిన పీతలు కొనే మనిషి రాలేదు. ఏప్రిల్ నుంచి కేంద్రం మనిషికి నెలకు 5 కిలోల తిండిగింజలు ఉచితంగా ఇచ్చింది, నిజమే. అవి కార్డులో పేరున్న మనిషికి. కార్డుకు ఆధార్ కావాలి. ఆధార్‌కు చిరునామా కావాలి. ఈ ఏడు ఒక యజమాని గుంట దగ్గర, వచ్చే ఏడు ఇంకొకరి గుంట దగ్గర గుడిసె వేసుకునే యానాది కుటుంబానికి చిరునామా ఏది? ఒక ఆఫీసుకు పోయి ఈ సంగతే అడిగితే, "ముందు ఆధార్ తీసుకురండి, తర్వాత మాట్లాడదాం" అన్నారు. ఆధార్ లేదనే కదా మేము పోయింది!

ఆ రోజుల్లో కాలనీలకు బియ్యం, పప్పు తెచ్చినవాళ్ళలో చాలా రకాలవాళ్ళున్నారు. వాళ్ళలో కతోలిక సిస్టర్లూ ఉన్నారు. మాలో ఎక్కువమందిమి అంకమ్మకు పొంగళ్ళు పెట్టుకునేవాళ్ళమే. అయినా వాళ్ళ మాట ఇక్కడ ఎత్తడానికి కారణం ఉంది. బియ్యం పంచడంతో ఆగకుండా, "వీళ్ళకు కార్డు ఎందుకు లేదు" అని పైవాళ్ళను అడగడం కూడా తమ ధర్మమేనని ఆ సంఘంలో కొందరు నమ్ముతారు. మూట ఇచ్చి మతం అడిగితే అది సాయం కాదు, బేరం. అలాంటి బేరం ఎవరు చేసినా మనం ఒప్పుకోనక్కర్లేదు. మతం అడగకుండా మన పక్కన నిలబడి మన తరఫున మాట్లాడేవాళ్ళను ఏమనాలన్నదే అసలు ప్రశ్న.

మేరీ గ్లౌరీ అనే ఆస్ట్రేలియా డాక్టరు 1920లో గుంటూరు వచ్చింది. కన్యస్త్రీగా ఉంటూనే వైద్యం చేయడానికి పోపు నుంచి ప్రత్యేక అనుమతి తెచ్చుకున్న మనిషి ఆమె. గుంటూరులో రోగులను చూసింది, స్థానిక స్త్రీలకు మందులివ్వడం, పురుళ్ళు పోయడం నేర్పింది. వచ్చిన ఇరవై మూడేళ్ళకు, 1943లో, దేశంలోని కతోలిక ఆస్పత్రులన్నింటినీ కలిపి ఒక సంఘం పెట్టింది. ఇప్పుడు దాని కేంద్ర కార్యాలయం సికింద్రాబాద్‌లో ఉంది. కరోనా వచ్చినప్పుడు తమ ఆస్పత్రులను వాడుకోమని ప్రభుత్వానికి చెప్పింది ఆ సంఘమే. ముందు ఇరవై మూడేళ్ళు మంచాల పక్కన కూర్చుని, తర్వాత సంఘం పేరుతో మాట్లాడిన ఆ వరుస మాకు నచ్చింది.

రెండో మనిషి స్టాన్ స్వామి. ఈయన కథ ఆదివాసీ బడుల్లో చెప్పవలసినంతగా చెప్పడం లేదు. 1937లో తిరుచిరాపల్లి దగ్గర పుట్టిన జెస్యూట్ ఫాదరు. ఝార్ఖండ్ ఆదివాసుల మధ్య దశాబ్దాలు బతికాడు. అక్కడి జైళ్ళలో విచారణ లేకుండా మగ్గుతున్న ఆదివాసీ కుర్రాళ్ళ వివరాలు ఒక్కొక్కటీ సేకరించి, వాళ్ళ కేసులు త్వరగా తేల్చమని హైకోర్టుకు వెళ్ళాడు. 2020 అక్టోబర్ 8న, కరోనా నడుస్తుండగానే, భీమా కోరేగావ్ కేసులో ఎన్ఐఏ ఆయన్ను రాంచీలో అరెస్టు చేసింది. అప్పటికి ఎనభై మూడేళ్ళు. పార్కిన్సన్స్ జబ్బుతో చేతులు వణికి గ్లాసు పట్టుకోలేక, స్ట్రా కోసం, సిప్పర్ కప్పు కోసం కోర్టును అడుక్కోవలసి వచ్చింది. 2021 మేలో బొంబాయి హైకోర్టు పెద్దాస్పత్రికి పంపుతామంటే వద్దన్నాడు, రాంచీలో నావాళ్ళ దగ్గరికి పోనివ్వమన్నాడు. తర్వాత ముంబయిలోని ఒక ప్రైవేటు ఆస్పత్రికి మార్చారు, అక్కడ కరోనా ఉన్నట్టు తేలింది. జూలై 5న చనిపోయాడు. ఆరోపణలను ఆయన ఒప్పుకోలేదు, విచారణ మొదలే కాలేదు. కతోలిక పీఠాధిపతులు విడుదల కోరుతూ విజ్ఞప్తులు చేశారు, పని జరగలేదు.

విచారణ ఖైదీల కోసం కోర్టుకెక్కిన మనిషి విచారణ ఖైదీగానే పోయాడు. ఆయన నావాళ్ళు అన్నది ఎవరిని? పుట్టిన ఊరివాళ్ళను కాదు, ఝార్ఖండ్‌లో తను కలిసి బతికినవాళ్ళను. ఏ అర్హతతో మాట్లాడాడని అడిగేవాళ్ళకు ఇంతకన్నా ఏం చూపించాలి?

పైస్థాయిలో జరిగే మాటలకు ఈ బరువు ఉండదు. వాటితోనూ పని ఉంటుంది. టీకాల మీద పేటెంటు హక్కులు కొంతకాలం ఆపాలని మన దేశం, దక్షిణాఫ్రికా కలిసి 2020 అక్టోబర్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థను అడిగాయి. 2021 మేలో పోప్ ఫ్రాన్సిస్ కూడా అదే మాట అన్నారు. 2022 జూన్‌లో వచ్చిన నిర్ణయం చాలా చిన్నది. సరే, పేటెంటు పూర్తిగా పోయిందనే అనుకుందాం. మన కాలనీకి టీకా వచ్చేదా? ఆ మే నెల మొదట్లో 18 నుంచి 44 ఏళ్ళవాళ్ళు ఫోనులో పేరు నమోదు చేసుకుంటేనే టీకా. ఫోను ఉన్న ఇల్లు ఎన్ని, ఉన్నచోట సిగ్నల్ ఎంత? ఫోను లేనివాళ్ళ గతి ఏమిటని ఆ నెలాఖరున సుప్రీంకోర్టు కూడా అడిగింది. రోముకూ మన ఉప్పుటేటికీ మధ్య దారిలో ఎక్కడో మన పేరు జారిపోతుంది. ఆ జారే చోటు పక్కన బతికేవాళ్ళకే కనిపిస్తుంది.

అదే మే నెలలో కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేలమంది వరుసకట్టిన సంగతి దేశమంతా చూసింది. మందు పనిచేసిందా లేదా అన్నది వైద్యులు తేల్చవలసిన మాట, మాది కాదు. టీకా అంటే గుంటల్లోకి పారిపోయిన మనవాళ్ళు కూడా ఆ మందుకు పోయారు. ఇచ్చే మనిషి ఎదురుగా ఉన్నాడు, కార్డు అడగలేదు. చదువులేనివాళ్ళ మూఢత్వమని నవ్వినవాళ్ళను చూస్తే మాకు విసుగొచ్చింది. వరుసలో కార్లేసుకుని వచ్చినవాళ్ళు తక్కువేం లేరు.

మన తరఫున మాట్లాడటం కొత్త కాదు. నేరస్థ జాతుల చట్టం కింద మనవాళ్ళను వేధిస్తున్న కాలంలో నెల్లూరు మనిషి వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల కోసం జీవితమంతా పనిచేశాడు. ఆయన యానాది కాదు. 1952లో ఆ చట్టం పోయింది. ఆ తర్వాతి కాలంలో శ్రీహరికోట దీవిలో రాకెట్ కేంద్రం వచ్చి అక్కడి మనవాళ్ళు అడవి వదిలి రావలసి వచ్చినప్పుడు, గట్టిగా అడగడానికి మనలోంచి చదువుకున్న గొంతు లేదు. బయటివాళ్ళు మాట్లాడటంలో తప్పు లేదు. మాట్లాడిన తర్వాత మనకు మాట్లాడటం వచ్చిందా లేదా అన్నది మాత్రం చూడాలి. వాళ్ళు వెళ్ళిపోయాక కూడా అర్జీ రాయడానికి ఇంకొకరి కోసం చూస్తున్నామంటే, ఆ సాయం సగంలో ఆగినట్టే.

ఇప్పుడు మా పదో తరగతి ఆడపిల్లలు కొందరు ఆధార్ లేనివాళ్ళ పట్టీ రాస్తున్నారు. పుట్టిన తేదీ గడి దగ్గర ఆగిపోతున్నారు. ఒక ఆమె, 1989 కావలి తుఫానుకు నేను చంకలో బిడ్డనంది. ఒక తాత, రాకెట్‌వాళ్ళు రాకముందే నాకు మీసాలొచ్చాయన్నాడు. లెక్క వేసి రాసుకున్నారు. పట్టీ ఇవ్వడానికి పోయేటప్పుడు సిస్టరమ్మను కూడా రమ్మందామని ఒక అమ్మాయి అంది. రమ్మందాం, అయితే ఆమె వెనక కుర్చీలో కూర్చోవాలి అంది ఇంకో అమ్మాయి.