రాజహరా పొడి

అనగనగా దల్లీ రాజహరా కొండల్లో ఒక గని. అందులో ఇనుపరాయి గడ్డలూ ఉన్నాయి, వాటి పక్కనే ఎర్రటి ఇనుపపొడీ ఉంది. గడ్డలకు పొడి అంటే చులకన.

"మేం నేరుగా భిలాయి ఉక్కు ప్లాంటుకు పోతాం, బ్లాస్ట్ ఫర్నేస్‌లో దిగుతాం. నిన్ను గేటు దగ్గరే ఆపేస్తారు చూడు," అనేవి.

పొడికి రోషం వచ్చింది. గడ్డల సందుల్లో దూరి వ్యాగన్ ఎక్కేసింది. ప్లాంటులో వ్యాగన్‌ని బోర్లించారు, బెల్టు మీద పోశారు. హమ్మయ్య అనుకునేలోగా జల్లెడ అడ్డమొచ్చింది. గడ్డలు పైన నిలిచాయి, పొడి కిందికి జారిపోయింది.

"నాలో ఇనుము లేదా?" అని జల్లెడను నిలదీసింది.

"ఉందేమో, నాకేం తెలుసు? కంతలోంచి పడతావా పడవా అన్నదొక్కటే నేను చూసేది. రోజుకెన్ని టన్నులు వస్తాయో తెలుసా? ఒక్కొక్కరి గుణగణాలు అడుగుతూ కూర్చుంటే తెల్లారుతుంది," అంది జల్లెడ.

పొడి ఏడుస్తూ ఫర్నేస్ దగ్గర మొరపెట్టుకుంది. ఫర్నేస్ పెద్దది, ఓపికగలది. "నీ మీద కోపం కాదమ్మా. నా కిందినుంచి వేడిగాలి పైకి ఆడాలి. నువ్వు ఇలాగే వచ్చి పడితే సందులన్నీ పూడిపోయి నాకు ఊపిరాడదు. సింటర్ ప్లాంటుకు పోయి గట్టిపడి రా," అంది.

దారిలో సుడిగాలి కలిసింది. "సింటర్ ప్లాంటా? కాల్చి చంపుతారు! నాతో రా, ఫర్నేస్ నెత్తిమీద దింపేస్తా. ఖర్చు కాస్త ఎక్కువవుతుందంతే," అంది. పొడిలో సగం ఆశపడి దాని వెంట పోయింది. సుడిగాలి మాట తప్పలేదు, నెత్తిమీదే దింపింది. లోపలినుంచి తన్నుకొచ్చిన గ్యాసు ఆ పొడినంతా ఎగరగొట్టి డస్ట్ క్యాచర్‌లో పడేసింది. అప్పటికి సుడిగాలి ఇంకో గనికి వెళ్లిపోయింది.

మిగిలిన సగం సింటర్ ప్లాంటుకు చేరింది. అక్కడ దాన్ని నీళ్లతో తడిపి, కోక్ పొడి, సున్నపురాయి పొడి కలిపి, కదిలే ఇనుప పళ్లేల మీద పరిచారు. పైన నిప్పంటించి కిందినుంచి గాలి పీల్చారు. మంట ఒక్కసారిగా ఎగసి ఆరిపోలేదు, పైపొర నుంచి అడుగుపొర దాకా మెల్లగా దిగింది. చల్లారాక విరగ్గొట్టి మళ్లీ జల్లించారు. గట్టిపడ్డవి ముందుకెళ్లాయి, ఇంకా చిన్నగా రాలినవి మళ్లీ మొదటికొచ్చి కాలాయి.

ఆ పొడిలో కొంత ఉత్త రాతిపొడి కూడా కలిసిపోయింది. అదీ తడిసింది, అదీ కాలింది, ఫర్నేస్ దాకా వెళ్లింది. లోపల కరిగాక ఇనుము అడుక్కి దిగింది, రాతిపొడి స్లాగై పైకి తేలింది. దాన్ని వేరే కాలవలోకి మళ్లించి సిమెంటుకు పంపారు. అది గోడల్లో చేరి హాయిగానే ఉంది. ఇనుము మాత్రం ఉక్కయి, రైలుపట్టాగా సాగింది. అల్ట్రాసోనిక్ పరీక్షలో లోపల పగులుందా లేదా అని చూశారు కానీ, నువ్వు గడ్డవా పొడివా అని ఎవరూ అడగలేదు.

నీతి: జల్లెడ కింద పడ్డదంతా ఒకటి కాదు. ఇనుపపొడో, రాతిపొడో తేల్చుకున్నాకే రెండో దారి వెతుక్కోవాలి.

ఈ కథ నీట్‌లో మార్కులు రాని పిల్లల కోసం. ముఖ్యంగా భిలాయి పిల్లల కోసం. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ప్లాంటు పనికి వచ్చి స్థిరపడ్డ మనవాళ్లు అక్కడ తక్కువేం కాదు. ఊరు కోచింగులకు పేరుపడ్డది. పక్కింటి క్వార్టర్లో ర్యాంకు వస్తే మన ఇంట్లో అన్నం సహించదు.

నీట్‌కు 720 మార్కులు. అందులో బయాలజీకి 360, ఫిజిక్స్‌కూ కెమిస్ట్రీకీ చెరో 180. తప్పు జవాబుకు ఒక మార్కు కోత. జనరల్ కోటాలో అర్హతకు 50 పర్సంటైల్ కావాలి. చాలామంది దీన్ని 50 శాతం మార్కులనుకుంటారు. 2022లో ఆ గీత 117 మార్కుల దగ్గరే పడింది. అర్హత వచ్చినంత మాత్రాన సీటొచ్చినట్టు కాదు. ఆ మార్కులతో ప్రభుత్వ కాలేజీ గుమ్మం కూడా కనపడదు. డబ్బుంటే ప్రైవేటు కాలేజీ, లేకపోతే ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్, అదీ కాకపోతే విదేశం.

సుడిగాళ్లు తిరిగేది ఇక్కడే. 1955 ఒప్పందంతో సోవియట్ ఇంజినీర్లు భిలాయి వచ్చి ఉక్కు చేయడం నేర్పారు. 1959 ఫిబ్రవరిలో మొదటి ఫర్నేస్ మొదలైంది. ఇప్పుడు మన పిల్లలు వైద్యం నేర్చుకోవడానికి రష్యా పోతున్నారు. తప్పేం లేదు, అక్కడ చదివి మంచి డాక్టర్లయినవాళ్లున్నారు. కానీ విదేశీ చదువుకూ నీట్ అర్హత తప్పనిసరి. 2021 నిబంధనల ప్రకారం ఇంగ్లిష్‌లో కనీసం 54 నెలల చదువు, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలి. తిరిగొచ్చాక ఇక్కడ వైద్యం చేయాలంటే ఎఫ్‌ఎంజీఈ అనే పరీక్షలో 300కు 150 తెచ్చుకోవాలి. 2024 జూన్‌లో ఆ పరీక్ష రాసినవాళ్లలో గట్టెక్కింది ఐదుగురిలో ఒకరు. "నీట్ లేకపోయినా పర్లేదు, అన్నీ మేం చూసుకుంటాం" అనే ఏజెంటు ముందు కూర్చున్నప్పుడు ఈ లెక్క చేతిలో ఉండాలి.

నేను చూసినంతలో ఫిజిక్స్ దెబ్బకు పడిపోయిన పిల్లలు ఎక్కువ. బయాలజీలో 300 దాటి, ఫిజిక్స్‌లో ముప్పైకి ఆగిపోయిన అమ్మాయి ఇనుపపొడే. ఆమెను ఇంకో ఏడాది కాల్చడానికి అర్థముంది. బయాలజీ పుస్తకం తెరవగానే ఆవలించే కుర్రాణ్ణి నాన్న కోరిక కోసం మూడోసారి కూర్చోబెట్టడం వేరు. వాడికి డాక్టరు కావాలని ఉందో లేదో ఇంట్లో ఎవరూ అడిగి ఉండరు.

ఊళ్లో పొలం అమ్మే ముందు, పీఎఫ్ తీసే ముందు ఒక పని చేయండి. నీట్ పెట్టే ఎన్‌టీఏ సైట్లో పిల్లల ఓఎంఆర్ కాపీ, ఆన్సర్ కీ పెడతారు. రెండూ పక్కపక్కన పరుచుకుని, ఏ సబ్జెక్టులో ఎన్ని పోయాయో, తెలియక వదిలేసినవెన్నో, తెలిసీ తొందరలో తప్పినవెన్నో పిల్లల చేతే రాయించండి. మహా అయితే ఒక సాయంత్రం పడుతుంది.