తొలి సూది ఎవరికి?

వెయ్యిమందిని చంపితేగానీ వైద్యుడు కాడని మనవాళ్ళు ఒక సామెత పుట్టించారు. అరుగుల మీదా, టీ కొట్ల దగ్గరా దాన్ని నవ్వుతూనే వాడతాం. పిల్లల వార్డు వరండాలో మాత్రం ఎవరి నోటా వినలేదు. అక్కడ కూర్చున్నవాళ్ళకి అందులోని లెక్క అప్పటికే అర్థమై ఉంటుంది. డాక్టరన్నవాడు ఎవరి మీదో ఒకరి మీద నేర్చుకోక తప్పదు. ఆ ఒకరు ఇవాళ మన పిల్లాడు కావచ్చు.

మొగల్తూరులో పిల్లాడికి జబ్బు చేస్తే దారి ఎటు పోతుందో మాకు కంఠోపాఠం. ముందు ఊళ్ళో ఆర్‌ఎంపీ, తర్వాత నరసాపురం, అక్కడా కాదంటే పాలకొల్లో భీమవరమో. చేతిలో డబ్బున్నవాళ్ళు అక్కడి ప్రైవేటు నర్సింగ్‌హోముల్లో ఆగుతారు, లేదంటే విజయవాడ పోతారు. లేనివాళ్ళు పెద్దాసుపత్రి దారి పడతారు. ఒకప్పుడు పెద్దాసుపత్రి అంటే కాకినాడే. 1958లో అక్కడ రంగరాయ మెడికల్ కాలేజీ వచ్చింది. చించినాడ దగ్గర, యానాం–ఎదుర్లంక దగ్గర వంతెనలు లేని రోజుల్లో అడ్డదారిన కాకినాడ చేరాలంటే గోదావరి పాయల్ని పంటు మీద దాటాలి. ఇప్పుడు ఏలూరులోనూ, రాజమండ్రిలోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. రెండూ 2023లో మొదలైనవే.

ఈ ప్రయాణంలో ఒక విచిత్రం ఉంది. డబ్బున్నవాడి పిల్లాణ్ణి ఒక్క డాక్టరు చూస్తాడు. లేనివాడి పిల్లాడు నేరుగా ప్రొఫెసరు చేతికి చేరతాడు. ప్రొఫెసరుతోపాటు అసిస్టెంటు, పీజీలు, హౌస్‌సర్జన్లు, వాళ్ళ వెనక మునివేళ్ళ మీద నిలబడి తొంగిచూసే విద్యార్థులు. మంచం చుట్టూ దడి కట్టినట్టు తెల్లకోట్లు. చదువూ అనుభవమూ అంత దట్టంగా ఇంకెక్కడా దొరకవు. అనుభవం లేనితనమూ అంతే దట్టంగా ఉంటుంది.

మా మేనకోడలి కొడుకు ఏడాది నిండని పసివాడు. దగ్గు, జ్వరం ముదిరి ఆయాసంలోకి దిగితే వాళ్ళతోపాటు నేనూ అలాంటి ఒక ఆసుపత్రికి వెళ్ళాను. ఏ ఊరిదో ఇక్కడ అనవసరం. చేర్చుకున్నాక సెలైన్ పెట్టడానికి ఒక హౌస్‌సర్జన్ అమ్మాయి వచ్చింది. పసిపిల్లలకి వాడే కాన్యులా బాగా సన్నది, పసుపురంగు మూత ఉంటుంది. పిల్లాడి చెయ్యి బూరెలా ఉంది, రక్తనాళం పైకి కనపడదు. ఆ అమ్మాయి మణికట్టు కింద పట్టి వంచింది, తట్టింది, స్పిరిట్ దూదితో తుడిచింది, గుచ్చింది. రక్తం రాలేదు. రెండో చేతికి మారింది. ఈసారి వచ్చినట్టే వచ్చి చర్మం కింద ఉబ్బింది. పిల్లాడు ఊపిరి బిగబట్టి ఏడుస్తున్నాడు. మా మేనకోడలు చెయ్యి లాగేసుకుంది.

“పెద్ద డాక్టరుగారెవరన్నా ఉంటే పిలవండమ్మా. మావాడి మీద నేర్చుకోకండి.”

ఆ అమ్మాయి ఏమీ అనలేదు, వెళ్ళి పీజీని పిలుచుకొచ్చింది. అతనొచ్చి పాదం మీద నాళం పట్టుకుని ఒక్క ప్రయత్నంలో పెట్టేశాడు. మందుల పెట్టె అట్టముక్క చించి, గాజుగుడ్డ చుట్టి, పాదం కదలకుండా దబ్బలా కట్టాడు. అతని చేతివేగం చూస్తే ముచ్చటేసింది. ఆ వేగం ఎంతమంది పిల్లల చేతుల మీదుగా వచ్చిందో అన్న ఆలోచన ఆ వెంటనే వచ్చింది. దాంతో ముచ్చట కాస్తా చప్పబడింది.

నేను బడిపంతులుగా బతికినవాణ్ణి. కొత్త పంతులు పాఠం పాడుచేసినా మర్నాడు మళ్ళీ చెప్పుకోవచ్చు, పిల్లలకి పోయేదేం లేదు. పైగా పిల్లలే మనల్ని ఏడిపించి దారికి తెస్తారు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. పెద్దవాళ్ళ వార్డులో రోగి “బాబూ, ఇక చాలు” అనగలడు. ఏడాది నిండనివాడు ఏమనగలడు? చట్టం కూడా పన్నెండేళ్ళ లోపు పిల్లల ఒప్పుకోలుని ఒప్పుకోలుగా లెక్కపెట్టదు. తల్లో తండ్రో సంతకం చేస్తారు. ఆ సంతకం వైద్యానికి. మీవాడి మీద ఒకమ్మాయి నేర్చుకుంటుంది, సరేనా అని ఆ కాగితంలో ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

అడక్కుండా తీసుకున్నదాన్ని దానం అనలేం. దొంగతనమనీ అనలేం, తీసుకున్నవాళ్ళు దాన్ని ఇంకో పిల్లాడి కోసమే వాడతారు కాబట్టి. మరేమిటది? నాకు తోచిన మాట అప్పు. మనిషి మూడు రుణాలతో పుడతాడని పెద్దలంటారు: దేవ రుణం, ఋషి రుణం, పితృ రుణం. చదువు ఇచ్చినవాళ్ళకి పడేది ఋషి రుణం. చదివి, మళ్ళీ ఇంకొకరికి చెప్పి దాన్ని తీర్చుకోవాలి. పిల్లల డాక్టరుకి చదువు చెప్పినవాళ్ళలో పుస్తకం రాసిన దొర ఉన్నాడు, ప్రొఫెసరు ఉన్నాడు, మాటలు రాని పసివాడూ ఉన్నాడు. మొదటి ఇద్దరికీ గోడ మీద పటాలుంటాయి.

ఆ అప్పుకి ఒక ఉదాహరణ మాకు దగ్గర్లోనే ఉంది. భీమవరం మాకు పక్క ఊరి లాంటిదే. 1895 జనవరి 12న అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు చెప్పుకుని మా జిల్లావాళ్ళం ఛాతీ విరుచుకుంటాం. స్ప్రూ జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు పోవడం ఆయన చూశారు. 1923లో అమెరికా ఓడెక్కాక ఇక్కడ పుట్టిన కొడుకు నెలల పసివాడుగానే చర్మరోగం సోకి పోయాడు. కన్నతండ్రి వాడి ముఖమే చూడలేదు. ఆ తర్వాత లెడర్లే ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల పాథాలజిస్టు రక్తక్యాన్సరున్న పిల్లలకి ఆ జాతి పదార్థాలు ఇచ్చి చూశాడు. మేలు జరక్కపోగా జబ్బు ఇంకా పరుగెత్తింది. పెంచే పదార్థం ఇదైతే దీనికి అడ్డుపడేది ఇస్తే జబ్బు ఆగాలి కదా అనుకున్నాడు. ఆ అడ్డుపడే మందు, అమినోప్టెరిన్, సుబ్బారావు బృందం నుంచే వచ్చింది. 1948 జూన్‌లో ఫార్బర్ అచ్చువేసిన నివేదికలో పదహారుమంది పిల్లల సంగతి ఉంది. పదిమందిలో జబ్బు కొంతకాలం తగ్గుముఖం పట్టింది. కొంతకాలమే. ఫార్బర్ పనిచేసిన ఆసుపత్రిలోనే కొందరు డాక్టర్లు, చావబోయే పిల్లల్ని ఇంకా ఎందుకు హింసపెట్టడం అన్నారు. అది తప్పుడు ప్రశ్న అని ఇవాళ కూడా అనలేను. సుబ్బారావు ఆ ఆగస్టులోనే కన్నుమూశారు.

అమినోప్టెరిన్‌కి తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ పిల్లల రక్తక్యాన్సరు చికిత్సలో ఉంది. మంచి వైద్యం అందేచోట పదిమంది పిల్లల్లో ఎనిమిది తొమ్మిదిమంది బతుకుతున్నారు. జబ్బు పరుగెత్తినప్పుడు ఆ ఫోలిక్ పదార్థం ఒంట్లో ఉన్న పిల్లలు లేకపోతే ఇది తెలిసేది కాదు. సుబ్బారావు పేరు మనం తలుచుకుంటాం, తలుచుకోవాలి. ఆ పిల్లల్ని తలుచుకునేవాళ్ళెవరు? వాళ్ళు ఏ త్యాగమూ చెయ్యలేదు, త్యాగమంటే ఏమిటో తెలిసే వయసు కాదు. వాళ్ళ దగ్గర ఉన్నది వాళ్ళ ఒళ్ళు, దాని మీద లోకం నేర్చుకుంది.

అప్పు అన్నాక తీర్చే తీరొకటి ఉండాలి. ఆ తీరు నాకు ఆ వార్డులోనే, మర్నాడు పొద్దున రౌండ్స్‌లో కొంచెం కనపడింది. ప్రొఫెసరు వస్తూనే పిల్లాణ్ణి ముట్టుకోలేదు. తల్లి ఒళ్ళోనే ఉండనిచ్చి, దూరంగా స్టూలు మీద కూర్చున్నారు. పక్కనే ఉన్న మేనకోడలి తల్లిని, మా చెల్లెల్ని అడిగారు, “ఏంటమ్మా, అమ్మమ్మగారూ, ఏం చూశారు మీరు?” అని.

“రాత్రంతా డొక్కలెగరేశాడండి. పాలు పట్టబోతే రెండు గుక్కలు తాగి వదిలేస్తున్నాడండి. మాడు కూడా గుంటపడినట్టుందండి.”

“రాసుకోండి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు,” అన్నారు విద్యార్థులతో. తర్వాత నిన్నటి అమ్మాయినే పిలిచి ఊపిరి లెక్కపెట్టమన్నారు.

“అరవై రెండు సార్.”

“ఎంతసేపు చూశావు?”

“అర నిమిషం. రెట్టింపు చేశాను.”

“పసివాళ్ళ ఊపిరి ఒక్క తీరున నడవదమ్మా. కాసేపు గబగబా, కాసేపు నింపాదిగా. నిండు నిమిషం చూడాలి. ఏడుస్తుంటే ఆ లెక్క చెల్లదు. కూర్చో.”

ఆ అమ్మాయి నేల మీదే కూర్చుంది. మా మేనకోడలు పిల్లాడి చొక్కా పైకెత్తి పట్టుకుంది. చేతి గడియారంలో సెకన్ల ముల్లు, పిల్లాడి పొట్ట, మళ్ళీ ముల్లు. పదిమంది చదువుకున్నవాళ్ళు ఒక పసివాడి పొట్ట పైకీ కిందికీ ఆడటం చూస్తూ నిమిషంసేపు నోరెత్తకుండా నిలబడ్డారు. యాభై నాలుగు వచ్చింది. రెండు నెలలు దాటి ఏడాది నిండని పిల్లలకి యాభైకి చేరితే వేగమైన ఊపిరే, నిమోనియా అని అనుమానించాలి. స్టెతస్కోపు గుండ్రాన్ని అరచేతిలో కాసేపు వెచ్చబెట్టి అప్పుడు ఆనించమన్నారు. గొంతు, చెవులు ఆఖర్న. “వాడికి ఇష్టంలేనివి చివరికి పెట్టుకోండి. మొదటే ఏడిపించారంటే ఇక వాడు మీకేమీ చెప్పడు.”

ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మాటలు రానివాడు చెప్తాడని ఆయన నమ్మకం. ఒప్పుకోలు ఇవ్వలేనివాడి దగ్గర కూడా, వాడు వద్దంటున్నప్పుడు ఆగడం, ఊరుకున్నప్పుడు దగ్గరకెళ్ళడం అనే మర్యాద ఒకటి ఉంటుందని ఆయన నేర్పుతున్నారు. సంతకం కన్నా అది గట్టిది. హౌస్‌సర్జన్సీ ఏడాదిలో పిల్లల విభాగం వంతుకి వచ్చేది కొద్ది వారాలే. కాన్యులా పెట్టడం ఆ వారాల్లో ఎలాగూ పట్టుబడుతుంది, ఈ ఓపిక పట్టుబడుతుందా అన్నదే నా అనుమానం. 2019 నుంచి వచ్చిన కొత్త ఎంబీబీఎస్ పాఠ్యక్రమంలో బొమ్మల మీద సాధన చేయించే స్కిల్ ల్యాబులు పెట్టమన్నారు, రోగితో ఎలా మాట్లాడాలో కూడా పాఠంగా పెట్టారు. మంచిదే. రబ్బరు చేతి మీద పది పోట్లు తప్పినా ఎవరూ ఏడవరు. రబ్బరు చేతి పక్కన తల్లి కూడా ఉండదు. ఎంత సాధన చేసినా, చివరికి నిజం పిల్లాడి మీద మొదటిసారి అన్నది ఒకటి వచ్చి తీరుతుంది.

పక్క మంచం మీద నాలుగేళ్ళ పాప. సఖినేటిపల్లి నుంచి తెచ్చారు. అమ్మ కువైట్‌లో, నాన్న చేపల చెరువుల మీద. టీకాలన్నీ వేయించారా అని పీజీ అడిగితే నాయనమ్మ ఫోను తీసి కువైట్‌కి కలిపింది. పాప తల్లి యజమానుల వంటింట్లో నిలబడి కాబోలు, గుసగుసగా ఏ నెల్లో ఏ సూది వేయించిందో చెప్పింది. పీజీ ఫోను చెవిన పెట్టుకునే కేసుషీటు రాసుకున్నాడు. మా తీరంలో సగం పిల్లల జబ్బు చరిత్ర ఇలా సముద్రాలు దాటి రావాల్సిందే. ఏ పాఠ్యపుస్తకం దొరకూ ఇది తట్టి ఉండదు.

ఇంటికి పంపేరోజు ఆ హౌస్‌సర్జన్ అమ్మాయే వచ్చింది. ఏం కనపడితే మళ్ళీ పరుగెత్తుకు రావాలో మా మేనకోడలికి చెప్పింది, ఊపిరి లెక్కపెట్టి చూపించమంది. ఇద్దరూ మొహమొహాలు చూసుకోకుండానే ఆ పని పూర్తి చేశారు. బస్సులో అన్నాను, “పాపం, నేర్చుకుంటోందే ఆ పిల్ల,” అని.

“నేర్చుకోనీ మావయ్యా. గుచ్చేముందు నాకో మాట చెప్పాలి కదా, నేనింకా కొత్తదాన్నండీ, రెండుసార్లు చూసి రాకపోతే పైవాళ్ళని పిలుస్తానండీ అని. అప్పుడు నేనే చెయ్యి పట్టుకునేదాన్ని.”

ఇంత చిన్న కోరిక మీద ఇంత పెద్ద చదువు ఎందుకు తడబడుతుందో నాకు అర్థం కాదు. రద్దీ అంటారు. నిజమే, ఒక్కో మంచం మీద ఇద్దరేసి పిల్లల్ని నేనూ చూశాను. ఆ ఒక్క మాటకి పట్టేది ఎంతసేపని? చెప్తే తల్లి ఒద్దంటుందేమోనన్న భయం అసలు కారణం అనుకుంటాను. కొందరు ఒద్దంటారు కూడా. ఒద్దనే హక్కు ఆ తల్లికి ఉందని ఒప్పుకుంటే, నేర్చుకోవడానికి పిల్లలు ఎక్కణ్ణుంచి వస్తారన్నది నిజాయితీ గల ప్రశ్న. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఉన్నంతలో ఒక సగం జవాబుంది. భారం ఒక్కరి మీదే పడుతున్నప్పుడే దాన్ని చెప్పకుండా మోయించాలనిపిస్తుంది. ప్రైవేటు ఆసుపత్రిలో డబ్బు పెట్టి మనం కొనుక్కునేది ఏసీ గది ఒక్కటే కాదు, నేర్చుకునే చేతుల నుంచి మినహాయింపు కూడా. ఆ సీనియరు డాక్టరు చెయ్యి తిరిగింది మాత్రం ఏదో ఒక సర్కారీ వార్డులో, ఇంకెవరి పిల్లాడి మీదో.

పీజీలు మూడు నెలలపాటు జిల్లా ఆసుపత్రుల్లో పనిచెయ్యాలన్న నిబంధన ఈమధ్య వచ్చింది. చదువు ఊళ్ళ వైపు రావడం నాకు నచ్చిన సంగతి. పాలకొల్లులోనూ మెడికల్ కాలేజీ వస్తుందంటున్నారు. దాన్ని సర్కారే నడపాలా, ప్రైవేటు భాగస్వామ్యంలో నడపాలా అని మా దగ్గర టీ కొట్ల మీద గొడవలు జోరుగా సాగుతున్నాయి. ఎన్ని సీట్లు, ఎవరికి సీట్లు అని కూడా వాదించుకుంటున్నారు. మంచాల సంగతి ఎవరూ ఎత్తడం లేదు. అవి నిండేది మొగల్తూరు, నరసాపురం, ఆచంట పిల్లలతోనే అని అందరికీ తెలుసు. పిల్లల వార్డు తెరిచిన రోజు రొయ్యల చెరువుల ఆసాములు, కాలేజీకి స్థలాలిచ్చినవాళ్ళు, శిలాఫలకం మీద పేర్లున్నవాళ్ళు కూడా తమ మనవళ్ళని జలుబుకో జ్వరానికో అక్కడికే తీసుకొస్తే, కాన్యులా పెట్టేముందు తల్లికి చెప్పే అలవాటు వారం తిరక్కుండా వచ్చేస్తుంది.