మత్తు వేరు, నిద్ర వేరు





నిద్ర చాలకపోతే సాయంత్రానికి తగ్గాల్సిన ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తగ్గదు. మనసు చిన్న మాటకే రేగుతుంది. పిల్లల్ని కసురుకుంటాం, ఇంట్లో తగువు పడతాం. ఆ తగువు మళ్లీ రాత్రి నిద్రను చెడగొడుతుంది. భగవాన్ బుద్ధుడు చెప్పిన కార్యకారణ సంబంధం ఇదే. కారణాన్ని పట్టుకోకుంటే ఫలితం ఆగదు.

ఆళవి దగ్గర చలికాలంలో ఆకుల పక్క మీదున్న బుద్ధుణ్ని, సుఖంగా నిద్రపోయారా అని హత్థకుడు అడిగాడు. పోయానన్నాడు బుద్ధుడు. రాగద్వేషమోహాలతో కాలేవాడికి మేడలో మెత్తటి పరుపు మీదైనా నిద్ర రాదని, ఆ మంటలు ఆరినవాడు ఎక్కడైనా హాయిగా పడుకుంటాడని వివరించాడు.

అంటే పేదోళ్లు కటిక నేలతో సరిపెట్టుకోవాలని కాదు. గద్వాల సీడ్ పత్తి చేలల్లో సాయంత్రం మొగ్గలు గిల్లి, తెల్లారి పుప్పొడి అద్దే కూలీలకు, వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి వలసపోయి రేకుల కింద పడుకునేవాళ్లకు విశ్రాంతి హక్కు. వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా బాబాసాహెబ్ 1946లో ఫ్యాక్టరీ పనిని వారానికి 54 గంటల నుంచి 48కి తగ్గించే బిల్లు తెచ్చారు. పనిగంటలు తగ్గితేనే కదా నిద్రకు గంటలు మిగిలేది!

ఒళ్లు నొప్పులు, అప్పుల దిగులు మరవడానికి కొందరు కల్లు సీసా పట్టుకుంటారు. మన పాలమూరులో కల్లులో డైజిపామ్, అల్ప్రజోలం కలిపి అమ్మిన కేసులు బయటపడ్డాయి. ఆ కల్లు ఇచ్చేది మత్తే, నిద్ర కాదు. అలవాటైనవాళ్లకు తాగని రోజు కునుకు రాదు, చేతులు వణుకుతాయి, ఫిట్స్ కూడా రావచ్చు. ఐదో శీలం మనల్ని కాపాడేది ఇక్కడే. 22 ప్రతిజ్ఞల్లోనూ మద్యం ముట్టనన్న మాట ఉంది.

అయితే అలవాటు పడ్డవాళ్లు ఒక్కసారిగా ఆపొద్దు. సర్కారు దవాఖానలో డాక్టర్ను కలిసి, ఆయన చెప్పినట్టు మానాలి. మనసు బాగోలేకుంటే టెలి మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, పైసా ఖర్చు కాదు. తాగేవాణ్ని తిట్టొద్దు, తోడుండి తీసుకుపోండి. అదే కరుణ.

మైత్రీ భావనకు బుద్ధుడు చెప్పిన పదకొండు ఫలితాల్లో మొదటి మూడూ నిద్రవే: సుఖంగా నిద్రపోతాం, సుఖంగా లేస్తాం, పీడకలలు రావు. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. కాబట్టి పొద్దుగూకాక చాయ్ మానండి, పడుకునే ముందు ఫోన్ దూరం పెట్టండి. కళ్లు మూసుకుని కాసేపు శ్వాసను గమనించండి. తర్వాత మీకు, ఇంటివాళ్లకు, పొద్దున మీతో కొట్లాడినవాళ్లకు కూడా మేలు కోరండి. ఈ రాత్రే మొదలుపెట్టండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!