చెరిపేసిన వెతుకులాట

టీనేజి పిల్లలు సమాచారం ఎలా వెతుక్కుంటారన్నది ఫెలోషిప్పుతో పీహెచ్‌డీ చేస్తున్న నా స్నేహితురాలి అంశం. ఆమెకు తోడుగా ఒక ఊరి హైస్కూలుకి వెళ్ళాను. 1980లలో అమెరికాలో కారల్ కుల్తావ్ హైస్కూలు విద్యార్థులను గమనించి, వెతుకులాట మొదట్లో అయోమయం, బెంగ ఎక్కువని చెప్పింది. అది బడిలో ఇచ్చిన పని తాలూకు బెంగ. మా ముందున్న పదో తరగతి పిల్లది వేరు.

"ఫోను అన్నయ్యది అక్కా. నెలసరి గురించి చూశాక చెరిపేస్తా" అంది.

ఐసిఎంఆర్ 2017 మార్గదర్శకాలు కోరినట్టే తండ్రి సంతకం, పిల్ల సంతకం రెండూ మా ఫైల్లో ఉన్నాయి. అయినా, అన్న కంటపడకుండా చెరిపినదాన్ని థీసిస్‌లో ఎక్కించే హక్కు ఆ సంతకాలతో వచ్చేస్తుందా? పేరు మారుస్తాంగా, అంది స్నేహితురాలు. ఆ తరగతిలో ఎవరి అన్నకు ఫోనుందో ఊరందరికీ తెలుసు. పోనీ వదిలేద్దామంటే, ఆడపిల్లలు ఏమీ వెతకరన్న లెక్కే మిగులుతుంది.

మర్నాడు వెళ్ళి ఆ పిల్లనే అడిగాం. కాసేపు ఆలోచించి, "అన్నయ్య మాట తీసేయండి, మిగతాది ఉంచండి" అంది.