తోవ గీసేవారికి హితవు

ఆయుష్మంతులారా, విమానాశ్రయపు నేల మీద ట్యాక్సీవే, అంటే విమానం రన్‌వేకు నడిచే దారి, గీయబోయే ముందు ఒక మనిషిని మనసులో నిలుపుకోండి. అతడు ఆ ఊరికి కొత్త. రాత్రి నిద్ర చాలలేదు. బయట పొగమంచు. ఒడిలో పటం, చెవిలో టవర్ మాట. ఆ మాట అతని సొంత భాషలో లేదు. పని తెలిసినవాడే, నిజాయతీపరుడే, అయినా పొరబడగలడు. మీ గీత అతనికి దారి చూపాలి. పదేళ్లుగా అదే రన్‌వే మీద పట్టపగలు దిగుతున్నవాడికి మీ నేర్పుతో పనిలేదు; అతడు ఎలాగైనా తోవ పోల్చుకుంటాడు.

ఇటలీలో మిలాన్ నగరపు లినాటే విమానాశ్రయంలో జరిగినది మీకు కంఠస్థం కావాలి. 2001 అక్టోబరు 8, ఉదయం ఎనిమిది దాటింది. మంచు కమ్మి రెండు వందల మీటర్ల అవతల ఏమీ ఆనడం లేదు. విమానాలు నిలిపే పడమటి ఏప్రన్ నుంచి ఒక చిన్న సెస్నా జెట్ కదిలింది. టవర్ దానికి చెప్పిన దారి ఆర్5. అది ఉత్తరంగా పోయి, రన్‌వే కొసను చుట్టి అవతలకు చేర్చేది. పక్కనున్న ఆర్6 రన్‌వేకు అడ్డంగా పోయేది. రెండూ ఒకే పసుపు గీతగా మొదలై తరవాత చీలేవి. నేల మీది రాతలు అరిగిపోయి ఉన్నాయి. సెస్నా ఆర్6 పట్టింది. దారిలో ఎస్4 అనే గుర్తు కనబడితే పైలట్ దాన్ని టవర్‌కు చెప్పాడు కూడా. ఆ గుర్తు ఏ పటంలోనూ లేదు. కంట్రోలర్ దాన్ని ఎన్నడూ వినలేదు. విమానం ఆర్5 మీదే ఉందనుకొని, కాసేపటికి ముందుకు సాగమన్నాడు. అప్పుడే స్కాండినేవియన్ సంస్థ వారి ఎం.డి.-87 విమానం టేకాఫ్ పరుగు అందుకుంది. ఢీకొన్నాక అది వెళ్లి సామాను సర్దే భవనానికి గుద్దుకుంది. రెండు విమానాల్లో ఉన్న 114 మందీ, నేల మీద పనిలో ఉన్న నలుగురూ చనిపోయారు.

అక్కడ నేల మీది కదలికలు చూపే పాత రాడార్‌ను తీసేశారు, కొత్తది ఇంకా పనిలోకి రాలేదు. రన్‌వే మీదికి ఎవరైనా చొరబడితే పట్టిచ్చే సెన్సర్లను అంతకు ఎంతో ముందే ఆపేశారు. పైలట్ తప్పుదారి పట్టాడన్నది నిజం, దాచవలసిన పనిలేదు. కాని ఆ ఒక్క వాక్యంతో తృప్తిపడి ఫైలు మూసే ఇంజినీరు మీద నాకు గౌరవం కలగదు. చనిపోయినవాడు బదులు చెప్పలేడు గనుక అతని మీదికి నెట్టడం తేలిక. ఒకే గీతను రెండుగా చీల్చిన చెయ్యి ఎవరిది? పటంలో లేని గుర్తును నేల మీద ఉండనిచ్చిన చెయ్యి ఎవరిది? ముందుగా ఆ విచారణ చేయండి.

టెనెరీఫ్ దీవి సంగతి మీలో చాలామంది వినే ఉంటారు. 1977 మార్చి 27న రెండు జంబో జెట్లు ఢీకొని 583 మంది పోయారు. కె.ఎల్.ఎం. విమానం అనుమతి రాకుండానే పరుగెత్తిందని లోకం చెప్పుకుంటుంది. కాని అసలు ఆ రెండో విమానం, పాన్ యామ్‌ది, రన్‌వే మీద ఎందుకుంది? ఇంకో దీవిలో బాంబు పేలడంతో దారి మళ్లిన విమానాలు ట్యాక్సీవేను నింపేశాయి. రన్‌వేనే ట్యాక్సీవేగా వాడవలసి వచ్చింది. పాన్ యామ్ విమానాన్ని మూడో దారిన బయటికి పొమ్మన్నారు. దారులకు పేరు పలకలు లేవు. మూడోది పట్టాలంటే అంతటి విమానం 148 డిగ్రీలు వెనక్కు తిరగాలి. నాలుగోదానికి 35 డిగ్రీలు చాలు.

ఇక మీ చేతిలోని పనికి వద్దాం. ఏప్రన్ నుంచి రన్‌వేకు తిన్నగా పోయే దారి వేయకండి. గడప దిగగానే రైలు పట్టాల మీద కాలు పడేలా ఎవరైనా ఇల్లు కడతారా? నడుమ ఒక మలుపు పెట్టండి. మలుపు తిప్పేవాడు తానెక్కడున్నాడో ఒకసారి చూసుకుంటాడు. ఏ కూడలిలోనూ అతని ముందు ఎడమ, కుడి, ఎదురు మించి దారులుండరాదు. 2012లో సవరించిన అమెరికా ఎఫ్.ఏ.ఏ. సూత్రాలు ఈ మాట చెప్పాయి. వెడల్పాటి కాంక్రీటు మైదానాన్ని చూసి మురిసిపోకండి. అక్కడ పలకలూ దీపాలూ అంచులకు జరిగి చూపుకు దూరమవుతాయి.

దిగిన విమానం త్వరగా తప్పుకోవడానికి వేసే 30 డిగ్రీల ఏటవాలు దారి మంచిదే. అదే దారిన రన్‌వే మీదికి వచ్చేవాడికి మాత్రం ఒక వైపంతా వీపు వెనక్కి పోతుంది, వచ్చే విమానం కనబడదు. కాబట్టి దాటవలసినచోట లంబకోణంలో దాటించండి. రన్‌వే నడిమి మూడోవంతులో అసలే వద్దు. అక్కడ పరుగులో ఉన్న విమానానికి తప్పించుకొనే వీలు అతి తక్కువ.

అన్నిటికంటే మేలు, దాటనవసరం లేకుండా చేయడం. అట్లాంటాలో 2007లో రన్‌వే కొసను చుట్టివచ్చే ట్యాక్సీవే తెరిచారు. పైన విమానాలు లేస్తున్నా కింద నేల మీది విమానాలు సాగిపోయేలా దాన్ని రన్‌వే మట్టానికి దిగువన వేశారు. రోజుకు వందల దాట్లు తగ్గాయి. చుట్టుదారికి ఇంధనం ఖర్చవుతుందని, నిమిషాలు పోతాయని మీకు లెక్కలు చూపించేవారుంటారు. ఆ లెక్క తప్పు కాదు, వినండి. విన్నాక, దాటిన ప్రతిసారీ ఇద్దరు మనుషులు ఒక మాటను ఒకేలా వినాలన్నది కూడా ఆ లెక్కలో చేర్చమనండి. 2024 జనవరి 2న టోక్యో హనేడాలో తీరరక్షక దళపు విమానం రన్‌వే ఎక్కింది. అనుమతి రాలేదు, వచ్చిందనుకున్నారు. దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానంలోని 379 మందీ బయటపడ్డారు గాని తీరరక్షక దళం వారిలో ఐదుగురు మరణించారు.

కొత్త నేల మీద మొదలుపెట్టేవారు అదృష్టవంతులు. అలాంటి చోట గీతను జరపడానికి కాగితం మీద ఖర్చయ్యేది ఒక రబ్బరు ముక్క. కాంక్రీటు గట్టిపడ్డాక అదే గీతను జరపాలంటే విమానాలు ఆపాలి, కోట్లు పోయాలి. అప్పుడు బోర్డు పెడదాం, పైలట్లకు సర్క్యులర్ పంపుదాం అనే మాటలు మొదలవుతాయి. బోర్డులు అవసరమే. వంకర దారికి బోర్డు తగిలించి నిద్రపోయే అధికారం మాత్రం మీకు లేదు.

పనులు సాగే రోజుల్లో మరీ మెలకువగా ఉండండి. 2006 ఆగస్టు 27న అమెరికాలోని లెక్సింగ్టన్‌లో తెల్లవారకముందే ఒక జెట్ పొరపాటున పొట్టి రన్‌వే మీద పరుగు తీసింది. 50 మందిలో ఒక్కరు మిగిలారు. అప్పుడక్కడ నిర్మాణం నడుస్తోంది, పైలట్ల పటానికీ నేల మీది ట్యాక్సీవేలకూ పొంతన లేదు. దారి మూసినప్పుడు పాత గీత మీద నల్ల రంగు పూసి ఊరుకోకండి. కొన్నాళ్లకు రంగు అరిగి పాత గీత పైకి తేలుతుంది, వాన తడిలో మరీ మోసగిస్తుంది. దాన్ని గీకించి తీసేయించండి. పని ముగిసిన రాత్రే దీపాలు వేయించి, పటం పట్టుకొని, ఆ దారి పొడవునా మీరే వెళ్లి చూడండి. పలకా పటమూ కలిసేదాకా ఆ ట్యాక్సీవే తెరిచే కాగితం మీద సంతకం పెట్టకండి.